అమెరికాలో ఓటు, సిక్కోలులో గుబులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది శ్రీకాకుళం సెవెన్ రోడ్స్ జంక్షన్‌కి దగ్గర్లో చిన్న నెట్ సెంటర్. కరెంటు బిల్లులు, పరీక్షల అప్లికేషన్లు, పాస్‌పోర్టు స్లాట్లు, ఈమధ్య ఎక్కువగా అమెరికా వీసా ఫారాలు. 2024 నవంబరులో ట్రంప్ గెలిచిన దగ్గర్నుంచి, ఫారం నింపడానికి పట్టే టైము కంటే అనుమానాలు తీర్చడానికి పట్టే టైము ఎక్కువైపోయింది. రోజూ అవే ప్రశ్నలు. అందుకని అడిగినవాళ్ళ మాటల్లోనే రాసి పెట్టాను. మీకు కావలసింది వెతుక్కుని చదువుకోండి, వరసగా చదవక్కర్లేదు. ఇందులో ‘ఇప్పుడు’, ‘ఈ ఏడాది’ అంటే 2025 అక్టోబరు 25 నాటి సంగతి, ఆ తర్వాత మారినవి ఇందులో లేవు. నేను లాయర్ని కాను, ఫారాలు నింపేవాణ్ణి.

## ఫలితం వచ్చిన రోజుల్లో అడిగినవి

సర్వేలన్నీ పోటాపోటీ అన్నాయి కదా, ట్రంప్ అంత మెజారిటీతో ఎలా గెలిచాడు?

రెండూ నిజమే. ఓట్లలో తేడా చిన్నది: ట్రంప్‌కి దాదాపు 7.73 కోట్లు, కమలా హారిస్‌కి 7.50 కోట్లు. సీట్ల లెక్కలో మాత్రం 312, 226. అక్కడ అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది 538 మంది ఎలక్టర్లు, 270 వస్తే గెలుపు. దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టర్లందరూ వాళ్ళకే. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా, ఈ ఏడింటిలోనే అసలు పోటీ. ఏడూ ట్రంప్ కొట్టాడు. ఈ లెక్క మనకి కొత్తేం కాదు. అదే ఏడాది మన అసెంబ్లీ ఎన్నికల్లో ఓడిన పార్టీకి 39 శాతం ఓట్లు పడ్డాయి, 175లో వచ్చిన సీట్లు 11.

ఎక్కువ ఓట్లొచ్చినోళ్ళు ఓడిపోవడమేటి బాబూ?

2024లో అలా జరగలేదు, ఓట్లూ ట్రంప్‌కే ఎక్కువ. జరిగింది 2016లో. హిల్లరీ క్లింటన్‌కి 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ట్రంప్ అధ్యక్షుడయ్యాడు. 2000లోనూ అంతే, ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా మీద బుష్ గెలిచాడు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి అల్ గోర్ ఓడాడు.

అక్కడ తల్లీ కొడుకులే మాట్లాడుకోవట్లేదంట, అంత పంతమా?

ఉంది. 2020లో ఓడిపోయినప్పుడు ట్రంప్ ఓటమి ఒప్పుకోలేదు, 2021 జనవరి 6న ఆయన మద్దతుదారులు పార్లమెంటు భవనంలోకి జొరబడ్డారు. అలాంటి మనిషి మళ్ళీ గెలిచాడంటే సగం దేశానికి పండగ, సగం దేశానికి తద్దినం. 2025 జూన్ 14న, మళ్ళీ అక్టోబరు 18న ‘మాకు రాజులొద్దు’ అంటూ ఊరూరా ఊరేగింపులు జరిగాయి. ఆయన్ని ఇష్టపడేవాళ్ళు మాత్రం ధరలు పెరిగిపోయాయి, సరిహద్దు తెరిచి వదిలేశారు, అందుకే ఓటేశాం అంటారు.

మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇది ఇంకో రకంగా నడుస్తోంది. నా దగ్గరకొచ్చే ఒక పెద్దాయనకి ఇద్దరు కొడుకులూ అక్కడే. పెద్దవాడు పౌరసత్వం వచ్చి ట్రంప్‌కి ఓటేశాడు, రెండోవాడు ఇంకా వీసా మీదున్నాడు, రాత్రిళ్ళు నిద్రపట్టక ఫోన్ చేస్తాడు. “ఒకడి ఓటు ఇంకొకడి మెడకి చుట్టుకుంది” అంటారాయన. అన్న సైకిలు, తమ్ముడు ఫ్యాను అయిన ఇళ్ళు మనకీ ఉన్నాయి. కాకపోతే మన దగ్గర ఎవరు గెలిచినా తమ్ముణ్ణి ఊళ్ళోంచి పంపెయ్యరు.

ఉష మన తెలుగమ్మాయే కదా, మనకేమైనా మేలు జరుగుద్దా?

ఉపాధ్యక్షుడు వాన్స్ భార్య ఉష చిలుకూరి వారి అమ్మాయి, పుట్టి పెరిగింది అమెరికాలోనే. పూర్వీకులది గోదావరి వైపు వడ్లూరు. ఎన్నికలప్పుడు అక్కడ గుళ్ళో పూజలు చేశారు. అదే సమయంలో తమిళనాడులో కమల తాతగారి ఊరు తులసేంద్రపురంలోనూ పూజలు చేశారు, దేవుడికి ఎంత ఇబ్బందో చూడండి. మన విజయనగరానికీ ఒక చుట్టరికం ఉంది. తొంభై దాటిన వయసులో విశాఖ నుంచి వచ్చి ఇక్కడ ఫిజిక్స్ పాఠాలు చెప్పిన ఆచార్యురాలు ఉష తాతగారి వైపు బంధువే. అంతవరకే. 2025 ఏప్రిల్‌లో వాన్స్ దంపతులు పిల్లలతో వచ్చినప్పుడు ఢిల్లీ, జైపూర్, ఆగ్రా చూసుకుని వెళ్ళిపోయారు. సుంకాలు, వీసా రూల్స్ చుట్టరికం చూసి తగ్గవు.

## ఆయన గద్దెనెక్కాక అడిగినవి

మా కోడలికి నెలలు నిండుతున్నాయి, పుట్టే బిడ్డకి అమెరికా పౌరసత్వం రాదా?

2025 అక్టోబరు నాటికి వస్తోంది. 2025 జనవరి 20న, పదవిలోకొచ్చిన రోజే ట్రంప్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే బిడ్డకి పుట్టుకతో పౌరసత్వం లేదని దాని సారాంశం. హెచ్1బీ, అంటే అక్కడి కంపెనీ ఉద్యోగం కోసం ఇచ్చే వీసా మీదున్న కుటుంబాలకి సూటిగా తగిలేదే. కానీ 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణకి అది విరుద్ధమని కోర్టులు ఆపేశాయి, 2025 అక్టోబరుకి కేసు ఇంకా నడుస్తోంది. ఆ జనవరిలోనే ఈ భయంతో నెలలు నిండకుండానే ఆపరేషన్‌కి తొందరపడ్డారని పేపర్లో చదివి నా కడుపు తరుక్కుపోయింది. ఉత్తర్వు సంతకం అవడం వేరు, అమలవడం వేరు.

సంకెళ్ళు వేసి విమానంలో పంపించేశారు కదా, మావోణ్ణి కూడా పంపిస్తారా?

2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో దిగిన సైనిక విమానంలో 104 మంది ఉన్నారు. వీసా లేకుండా దొడ్డిదారిన సరిహద్దు దాటినవాళ్ళు వాళ్ళు. మీవాడు వీసా మీద వెళ్ళి, చదువుకో ఉద్యోగానికో కట్టుబడి ఉంటే ఆ లెక్కలోకి రాడు. ఒక్క జాగ్రత్త: విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటల లోపే పనిచెయ్యాలి. పెట్రోలు బంకులో, కిరాణా కొట్టులో అనుమతి లేకుండా చేసే పని ఎప్పుడూ తప్పే. ఇదివరకు చూసీచూడనట్టు వదిలేసేవారు, ఇప్పుడు వదలట్లేదు. ఏప్రిల్‌లో పాత ట్రాఫిక్ కేసులున్న విద్యార్థుల రికార్డులు కూడా వేల సంఖ్యలో రద్దు చేసి, కోర్టుల్లో ఎదురుదెబ్బలు తగిలాక మళ్ళీ పునరుద్ధరించారు.

స్టూడెంట్ వీసాలు మూసేశారా?

లేదు. 2025 మే 27న కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఇవ్వడం ఆపారు, జూన్ 18న మళ్ళీ మొదలుపెట్టారు. ఆ మూడు వారాల్లో నేనే ఒక నరసన్నపేట తండ్రికి “ఈ ఏడు ఇంక లేనట్టే మాస్టారూ” అని చెప్పేశాను. ఆయన కట్టిన అడ్వాన్సు వదులుకుని అబ్బాయిని వైజాగ్‌లో చేర్పించారు. పదిహేను రోజులు ఆగుంటే సరిపోయేది. అప్పట్నుంచి ‘ఆగింది’ అన్న మాటకీ ‘మూసేశారు’ అన్న మాటకీ తేడా చూసి గానీ నోరు విప్పట్లేదు.

మారినవి మాత్రం ఉన్నాయి. సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలి. సెప్టెంబరు నుంచి చాలామందికి డ్రాప్‌బాక్స్ సౌకర్యం (ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు ఇచ్చి వీసా తీసుకోవడం) పోయింది, ఇంటర్వ్యూకి మనిషి వెళ్ళాలి. సింగపూరో దుబాయో వెళ్ళి అక్కడ స్లాటు పట్టుకునే చిట్కా కూడా పనిచెయ్యదు, సొంత దేశంలోనో ఉంటున్న దేశంలోనో అప్లై చెయ్యమంటున్నారు. మనకి హైదరాబాదే.

పాకిస్తాన్‌తో యుద్ధం ఆపించింది ట్రంపేనా?

2025 మే 10న కాల్పుల విరమణ అని ముందుగా ప్రకటించింది ఆయనే, తర్వాత పదులసార్లు చెప్పుకున్నాడు. మన ప్రభుత్వం మాత్రం రెండు సైన్యాల అధికారులు నేరుగా మాట్లాడుకునే ఆపామంది. ఏ దేశ నాయకుడూ ఆపమనలేదని ప్రధాని జులై 29న లోక్‌సభలో చెప్పారు.

మోదీకీ ఆయనకీ అంత స్నేహం కదా, మరి మన మీదెందుకు పగ?

2019లో హ్యూస్టన్‌లో చెయ్యీ చెయ్యీ పట్టుకు తిరిగారు, 2020 ఫిబ్రవరిలో అహ్మదాబాద్ స్టేడియంలో లక్షమంది ముందు కౌగిలించుకున్నారు, నిజమే. పగ అని నేననుకోను. ఆయన దృష్టంతా లోటు మీద: మనం అమెరికాకి అమ్మేది ఎక్కువ, కొనేది తక్కువ. దానికి తోడు రష్యా నుంచి చమురు కొంటున్నామన్న సాకు. చైనా ఇంకా ఎక్కువ కొంటుంది, ఆ పేరుతో దానికి అదనపు సుంకం వెయ్యలేదు. అందుకే సాకు అంటున్నాను.

## సుంకాలు పడ్డాక అడిగినవి

50 శాతం సుంకం అంటే మన రైతు సగం డబ్బు అమెరికాకి కట్టాలా?

కాదు. సరుకు అమెరికా రేవులో దిగినప్పుడు అక్కడ దిగుమతి చేసుకున్న వ్యాపారి వాళ్ళ ప్రభుత్వానికి కడతాడు. వంద డాలర్ల సరుకైతే యాభై డాలర్లు. కానీ ఆ వ్యాపారి ఊరుకోడు. “నువ్వు ధర తగ్గించు, లేదంటే ఇంకో దేశం నుంచి తెచ్చుకుంటా” అంటాడు. ఇక్కడి రొయ్యల ఎగుమతిదారు ఆ మాటే ప్లాంటుకి, ప్లాంటు ఏజెంటుకి, ఏజెంటు చెరువు గట్టు మీదున్న రైతుకి చెబుతాడు. కట్టేది అక్కడ, తగిలేది ఇక్కడ. వరస ఇది: 2025 ఏప్రిల్ 2న మనకి 26 శాతం అని ప్రకటించారు, వారం తిరిగేసరికి 90 రోజులు వాయిదా వేసి 10 శాతం ఉంచారు. ఆగస్టు 7 నుంచి 25, ఆగస్టు 27 నుంచి రష్యా చమురు పేరుతో ఇంకో 25.

మాకు రొయ్యల చెరువులున్నాయి, ఇంక వెయ్యొచ్చా మానెయ్యాలా?

ఇది మన తీరానికి అన్నిటికంటే పెద్ద దెబ్బ. మన దేశం అమ్మే రొయ్యలకి అమెరికాయే అతిపెద్ద గిరాకీ, దేశంలో రొయ్యలు ఎక్కువ పండించేది మన రాష్ట్రం. 2025 అక్టోబరు నాటికి రొయ్య మీద 50 శాతంతో పాటు పాత డంపింగ్ వ్యతిరేక సుంకం (మరీ తక్కువ ధరకి అమ్ముతున్నారని వేసేది), సబ్సిడీ మీద వేసిన సుంకం కూడా కలిపితే 60 శాతానికి దగ్గరైంది. పోటీలో ఎదురుగా ఉన్నది ఈక్వెడార్. దక్షిణ అమెరికా దేశం, అమెరికాకి దగ్గర, అప్పటికి దాని మీద సుంకం 15 శాతమే. ఆ తేడాని ఏ రైతూ మేత తగ్గించి పూడ్చలేడు.

కౌంటు సంగతి చూడండి, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. అమెరికా ఎక్కువగా కొనేది పెద్ద రొయ్య, అంటే 50 లోపు కౌంటు. వంద కౌంటు ఎక్కువగా చైనా వైపు పోతుంది. అయినా ఏప్రిల్‌లో సుంకం ప్రకటన రాగానే, అది అమల్లోకి రాకముందే, అన్ని కౌంట్లకీ రేటు కోసేశారు. అమెరికాకి వెళ్ళని రొయ్యకి అమెరికా సుంకం ఎందుకు కోశారని సంతబొమ్మాళి రైతు ఒకాయన నా కౌంటర్ దగ్గర అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. కోసినవాళ్ళ దగ్గరా లేదనే నా నమ్మకం. ముఖ్యమంత్రి అప్పుడే కేంద్రానికి లేఖ రాశారు.

రైతు చెరువు ఖాళీగా ఉంచితే భోగాపురం, పూసపాటిరేగ తీరంలోని హేచరీల్లో సీడ్ (రొయ్య పిల్ల) మిగిలిపోతుంది, ప్లాంట్లలో రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళకి పనిరోజులు తగ్గుతాయి. వెయ్యాలా వద్దా అంటే నేను చెప్పగలిగింది ఒకటే. పిల్ల వెయ్యకముందే ఏజెంటుని ఒక్కో కౌంటుకీ రేటు అడిగి రాసుకోండి, పెద్ద కౌంటు దాకా పెంచే ఖర్చు ఆ రేటుకి గిడుతుందో లేదో లెక్క వేసుకోండి. లీజు చెరువైతే ఏడాది లీజు ఒకేసారి కట్టకండి.

పలాస జీడిపప్పు కూడా పడిపోతుందా?

రొయ్యలా కాదు. పలాస, కాశీబుగ్గ పప్పు ఎక్కువగా మన దేశంలోనే అమ్ముడవుతుంది. పిక్కలు చాలావరకు ఆఫ్రికా నుంచి వస్తాయి, వాటికి డబ్బు డాలర్లలో కట్టాలి. కాబట్టి అక్కడ చూడాల్సింది సుంకం కాదు, రూపాయి విలువ.

పైడిభీమవరం మందుల కంపెనీలు మూతపడతాయని మా వీధిలో అంటున్నారు.

సుంకం వల్ల అయితే కాదు. జనరిక్ మందుల్ని ఈ 50 శాతం నుంచి మినహాయించారు. పేటెంటున్న బ్రాండెడ్ మందుల మీద అక్టోబరు 1 నుంచి 100 శాతం అని సెప్టెంబరు 25న ట్రంప్ ప్రకటించాడు, ఆ తేదీ దాటినా 2025 అక్టోబరు 25 నాటికి అమల్లోకి రాలేదు. రణస్థలం వైపు నుంచి వెళ్ళేది చాలావరకు జనరిక్ మందులూ, వాటి ముడిసరుకూ.

అక్కడి కోర్టులు ఆయన్ని ఆపలేవా?

అత్యవసర అధికారాల చట్టం చూపించి ఇలా సుంకాలు వెయ్యడం చెల్లదని కింది కోర్టులు ఇప్పటికే అన్నాయి. సుప్రీంకోర్టులో వాదనలకి 2025 నవంబరు 5 తేదీ పెట్టారు. ఇది రాసేనాటికి సుంకం వసూలవుతూనే ఉంది.

## ఇప్పుడు ఇళ్ళల్లో అడుగుతున్నవి

అబ్బాయి సిరిమాను చూడ్డానికి విజయనగరం వచ్చాడు, తిరిగి వెళ్తే లక్ష డాలర్లు కట్టాలా?

పాస్‌పోర్టులో గడువు దాటని హెచ్1బీ స్టాంపు ఉంటే అక్కర్లేదు. హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్న ప్రకటన 2025 సెప్టెంబరు 19న రాగానే, దసరాకి బయల్దేరినవాళ్ళు విమానాల్లోంచి దిగిపోయారు, ఇక్కడికొచ్చినవాళ్ళు సూట్‌కేసు విప్పకుండానే టిక్కెట్టు వెతుక్కున్నారు. మర్నాటికి అక్కడి ప్రభుత్వమే వివరణ ఇచ్చింది: ఇది ఏటా కట్టేది కాదు, పాతవాళ్ళకి కాదు. సెప్టెంబరు 21 నుంచి వేసే కొత్త దరఖాస్తులకి, అదీ అమెరికా బయట ఉన్నవాళ్ళ కోసం కంపెనీ వేసేవాటికి. అక్కడే చదువుకుని విద్యార్థి వీసా నుంచి హెచ్1బీకి మారేవాళ్ళకి ఇది వర్తించదని అక్టోబరు 20న చెప్పారు. అంటే ఇక్కడ హైదరాబాద్‌లో పనిచేస్తూ నేరుగా హెచ్1బీ మీద వెళ్ళాలనుకున్న పిల్లలకే దెబ్బ. వాళ్ళ కోసం 88 లక్షలు కట్టే కంపెనీ అరుదు.

పొలం తాకట్టు పెట్టి అమ్మాయిని ఎమ్మెస్‌కి పంపాలా, ఆగాలా?

మీ ఇంటి సంగతి నేను నిర్ణయించలేను గానీ లెక్క చెప్తాను. ఏడాదికి 25 వేల డాలర్ల ఫీజు అనుకోండి. ఎన్నికల నాడు డాలరు 84 రూపాయలు, అంటే 21 లక్షలు. 2025 అక్టోబరులో 88, అంటే 22 లక్షలు. ఫీజు పెరగకుండానే లక్ష పెరిగింది. చదువయ్యాక ఓపీటీ (విద్యార్థి వీసా మీదే పనిచేసే అనుమతి) 12 నెలలు, సైన్సు, ఇంజినీరింగు చదివితే ఇంకో 24 నెలలు పనిచేసుకోవచ్చు. ఆ రూలు 2025 అక్టోబరు నాటికి మారలేదు. ఆ మూడేళ్ళ జీతంతో అప్పు తీరుతుందా, హెచ్1బీ లాటరీ తగలకపోయినా ఫర్వాలేదా? అవునంటేనే వెళ్ళడం మంచిది. ఏటా 85 వేల వీసాలే, అడిగేవాళ్ళు లక్షల్లో. ‘వెళ్తే వాళ్ళే చూసుకుంటారు’ అనే కన్సల్టెన్సీ మాట మీద పొలం కాగితాలు ఇవ్వకండి.

అక్కడి నుంచి డబ్బు పంపితే పన్నంట?

2026 జనవరి 1 నుంచి 1 శాతం, అదీ నోట్లు, మనీ ఆర్డరు లాంటివి ఇచ్చి పంపితే. బ్యాంకు ఖాతా నుంచో అక్కడి డెబిట్ కార్డు నుంచో పంపితే లేదు. మొదట 5 శాతం అన్నారు, వాట్సాప్‌లో ఇంకా అదే తిరుగుతోంది.

మావాడు దోహాలో వెల్డరు, అమెరికా గొడవలు అక్కడికీ వస్తాయా?

వచ్చాయి కూడా. జూన్ 22న అమెరికా ఇరాన్ అణు కేంద్రాల మీద బాంబులేసింది, మర్నాడు రాత్రి ఇరాన్ ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద క్షిపణులు వదిలింది. కొన్ని గంటలు ఖతార్ గగనతలం మూసేశారు. ఆ రాత్రి కవిటి, సోంపేట నుంచి నాకొచ్చిన ఫోన్లు లెక్కలేదు. అమెరికా వీసా గురించి పేపర్లు పేజీలకి పేజీలు రాస్తాయి గానీ, ఉద్దానం నుంచి గల్ఫ్‌కెళ్ళిన ఫిట్టర్లు, వెల్డర్ల గురించి రెండు ముక్కలు రాయవు. మీవాడి పాస్‌పోర్టు, వీసా కాపీలు మీ ఫోన్లో ఉంచుకోండి, అక్కడి భారత రాయబార కార్యాలయం నంబరు వాడి దగ్గరా మీ దగ్గరా ఉండాలి. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఉందో లేదో చూసుకోండి.

అమెరికా సంబంధం వచ్చింది, ఒప్పుకోవచ్చా?

ఈ ఏడాది నవ్వుతూ అడిగినవాళ్ళు లేరు. ఒకప్పుడు జాతకం చూశాక వీసా అడిగేవారు, ఇప్పుడు వీసా కాగితం చూశాకే జాతకం తీస్తున్నారు. ‘హెచ్1బీ ఉంది’ అంటే చాలదు. హెచ్1బీ ఎప్పటిదాకా ఉంది, పాస్‌పోర్టులో స్టాంపు గడువెంత, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తుకి ఆమోదం వచ్చిందా, ఈ మూడూ అడగండి. ఐ-140 వచ్చుంటే అమ్మాయి అక్కడ ఉద్యోగం చెయ్యడానికి అనుమతి అడగొచ్చు, 2015 నుంచి ఉన్న ఆ రూలు 2025 అక్టోబరు నాటికీ ఉంది. లేదంటే బీటెక్ చదివిన పిల్ల ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చోవాలి. అబ్బాయి మంచివాడా కాదా అన్నది ఏ కాగితంలోనూ ఉండదు, అది మీరే కనుక్కోవాలి.

ఈయన ఇంకా ఎన్నాళ్ళుంటాడు?

2029 జనవరి 20 దాకా. 22వ సవరణ ప్రకారం ఎవరూ రెండుసార్ల కంటే ఎక్కువ ఎన్నిక కాకూడదు. అంతకంటే ముందు 2026 నవంబరు 3న పార్లమెంటు మధ్యంతర ఎన్నికలున్నాయి.

కొడుకుని ట్రంప్ గురించి అడిగితే “ఫోన్లో ఆ మాటలొద్దమ్మా” అని కట్ చేస్తున్నాడు, ఏదైనా దాస్తున్నాడా?

ఏమీ దాచట్లేదు తల్లీ. సోషల్ మీడియాలో రాతలు చూపించి ఈ ఏడు కొందరు విద్యార్థుల వీసాలు రద్దు చేశారు. ఫోన్ మాట్లాడితే పట్టుకుంటారని కాదు గానీ, పిల్లలు అలవాటుగా నోరు కట్టుకుంటున్నారు. మీరు ఫ్యామిలీ గ్రూపులో పెట్టే ట్రంప్ జోకులు వాడికి ట్యాగ్ చెయ్యకండి. ఆఫీసులో అంతా బాగుందా, వీసా ఎప్పటిదాకా ఉంది, ఈ రెండే అడగండి. మిగతా టైము వాడు ఏం వండుకున్నాడో చెప్పనివ్వండి.